రాత ఆజ్ఞగా మారే చోటు

మదీనాగూడలో ముంబయి హైవేని ఆనుకుని ఉన్న ఏ అపార్ట్‌మెంటులోనైనా పొద్దున్నే జరిగే పని ఇది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లాప్‌టాప్ తెరిచి కంపెనీ పోర్టల్లో ఒకసారి పాస్‌వర్డ్ కొడతాడు. ఆ తర్వాత పేస్లిప్ తెరిచినా, సెలవు పెట్టినా, పెండింగ్ టికెట్లు చూసినా మళ్లీ పాస్‌వర్డ్ అడగదు. తెర ఒక్క క్షణం తెల్లబడుతుంది, పైన అడ్రసు గబగబా రెండు మూడుసార్లు మారుతుంది, కావలసిన పేజీ వచ్చేస్తుంది. సింగిల్ సైన్-ఆన్ అంటారు దీన్ని. చాలా కంపెనీల్లో ఆ తెల్లబడ్డ క్షణంలో జరిగేది ఏమిటంటే, ‘ఈయన ఫలానా మనిషే, నాదీ పూచీ’ అని ఒక సర్వర్ సంతకం చేసిన ఎక్స్‌ఎంఎల్ పత్రం ఇంకో సర్వర్ చేతికి వెళ్లడం. ఆ పత్రం రాసే పద్ధతి పేరు సామెల్. దాని 2.0 రూపాన్ని ఒయాసిస్ సంస్థ 2005 మార్చిలో ప్రమాణంగా ఆమోదించింది.

సంతకం సరైనదో కాదో చూడటం మామూలు లెక్కే. వింతంతా దాని ముందు జరిగే తంతులో ఉంది. ఎక్స్‌ఎంఎల్ సంతకాల ప్రమాణం 2002 ఫిబ్రవరిలో వచ్చింది. దాని ప్రకారం, సరిచూసేముందు పత్రాన్ని ఎలా మార్చుకోవాలో సంతకమే చెప్పొచ్చు. ఈ ముక్క వదిలేయి, ఈ ఖాళీలు సర్దు, లాంటివి. ఆ మార్పుల జాబితాలో ఎక్స్‌ఎంఎల్‌ని మలిచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే భాషలో రాసిన పూర్తి ప్రోగ్రామ్‌ని పెట్టడానికి కూడా ప్రమాణం ఒప్పుకుంటుంది. అంటే, ముక్కూమొహం తెలియనివాడు పంపిన కాగితాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి, ముందు ఆ కాగితం చెప్పినట్టల్లా చేయాలన్నమాట.

ఇది కాగితం మీది భయం కాదు. 2022 చివర్లో జోహో వారి మేనేజ్‌ఇంజిన్ ఉత్పత్తుల్లో ఇదే బయటపడింది. ఇరవైకి పైగా ఉత్పత్తుల్లో అపాచీ శాంటువారియో అనే లైబ్రరీ పాత ప్రతి ఉండిపోయింది. అది సంతకం అసలుదో నకిలీదో తేల్చకముందే అందులో ఉన్న మార్పుల జాబితాను నడిపేసేది. జావాలో రాసిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్లకు జావా ఫంక్షన్లను నేరుగా పిలిచే అదనపు వసతి ఒకటి ఉంటుంది. ఈ రెండూ కలిసేసరికి, సింగిల్ సైన్-ఆన్ పెట్టుకున్న చోట, ఏ పాస్‌వర్డూ లేని బయటివాడు సర్వర్ మీద తనకు తోచిన ఆజ్ఞ నడిపించగలిగాడు. సీవీఈ-2022-47966 అని ఆ లోపానికి నంబరిచ్చారు. అక్టోబరు చివరి నుంచి సవరణలు వచ్చాయి, 2023 జనవరికి దాడి పద్ధతి వివరంగా లోకానికి తెలిసింది. విచిత్రమేమిటంటే సామెల్ ప్రమాణం ముందే జాగ్రత్త చెప్పి ఉంది: రెండు రకాల మార్పులు తప్ప సంతకంలో ఇంకేవీ పెట్టకండి, పెడితే అందుకున్నవాళ్లు తిరస్కరించవచ్చు అని. తిరస్కరించ‘వచ్చు’ అన్న చోట చాలామంది తిరస్కరించలేదు.

ఉత్తి రాతగా ప్రయాణం చేస్తున్నది ఏ క్షణాన ఆజ్ఞగా మారుతుంది? ఎక్స్‌ఎంఎల్‌ని మలిచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, వెతికే ఎక్స్‌క్వెరీ, ఈ రెండిటికీ వేలు పట్టి దారి చూపే ఎక్స్‌పాత్ — ఈ భాషల చరిత్రలో ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తూనే ఉంది. హైదరాబాద్ ఐటీ బతుకులో చాలా భాగం ఈ ప్రశ్న మీదే నడుస్తోంది, పైకి కనిపించకుండా.

ముందు ఒక చిన్న ఉదాహరణ కల్పించుకుందాం. మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంటు సొసైటీ. నెలనెలా మెయింటెనెన్సు బిల్లులు వేయాలి. ఫ్లాటు వివరాలు ఇలా ఉన్నాయి:

<ఫ్లాటు సంఖ్య="203">
  <బ్లాకు>బి</బ్లాకు>
  <విస్తీర్ణం>1200</విస్తీర్ణం>
  <ట్యాంకర్లు>14</ట్యాంకర్లు>
</ఫ్లాటు>

తెలుగులో ట్యాగులేమిటి అనుకోకండి, ఇది నిజంగా చెల్లే ఎక్స్‌ఎంఎల్. 1998 ఫిబ్రవరి 10న వచ్చిన మొదటి ప్రమాణంలోనే తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టుకునే హక్కు ఉంది. ఒక్క చిక్కు: ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో వాడే కనిపించని గుర్తుకు మాత్రం 2008 నవంబరులో వచ్చిన అయిదో కూర్పు దాకా ప్రవేశం లేదు. వెయ్యి చదరపు అడుగులు దాటిన ఫ్లాట్లు కావాలంటే ఎక్స్‌పాత్‌లో ఇంతే రాయాలి:

ఫ్లాటు[విస్తీర్ణం > 1000]

ఇప్పుడు సొసైటీ నియమాలు. ఎ బ్లాకువాళ్లకు చదరపు అడుగుకు మూడు రూపాయలు. బి బ్లాకులో బోరు ఎండిపోయింది కాబట్టి పదిహేను వందల మీద ట్యాంకరుకింత అని. కమిటీ ఏటా మారుతుంది, కమిటీతో పాటు నియమమూ మారుతుంది. మార్చినప్పుడల్లా ప్రోగ్రామరును పిలవడం ఎందుకని నియమాలను కూడా ఫైల్లోనే పెట్టారు:

<నియమం బ్లాకు="ఎ">విస్తీర్ణం * 3</నియమం>
<నియమం బ్లాకు="బి">1500 + ట్యాంకర్లు * 60</నియమం>

మనకు అది నియమం. ప్రోగ్రామ్‌కి మాత్రం అది అక్షరాల వరస. 203వ ఫ్లాటు బిల్లు ఎంతంటే ‘1500 + ట్యాంకర్లు * 60’ అని అచ్చు వేసి ఊరుకుంటుంది, 2340 అని చెప్పదు. ఆ అక్షరాల వరసకు ప్రాణం పోయడానికి రెండు దారులున్నాయి. ఆ నియమాలను చదివి కొత్త ప్రోగ్రామ్ ఒకటి రాసిపెట్టే ప్రోగ్రామ్‌ని తయారు చేసుకోవడం ఒకటి. పని నడుస్తుండగానే ఆ వరసను అప్పటికప్పుడు కోడ్‌గా చదివించి జవాబు రాబట్టడం రెండోది. పైకి ఒకటే పనిలా కనిపిస్తాయి గానీ తేడా చాలా ఉంది.

మొదటి దారిలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి పుట్టుకతోనే ఒక సుగుణముంది. అది ఎక్స్‌ఎంఎల్‌ని తిని ఎక్స్‌ఎంఎల్‌ని కక్కుతుంది, తానూ ఎక్స్‌ఎంఎల్‌లోనే రాయబడుతుంది. అందువల్ల ఒక ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రామ్ ఇంకో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రామ్‌ని రాయడం, హెచ్‌టీఎంఎల్ పేజీ రాయడం కన్నా కష్టం కాకూడదు. కానీ మొదటి అడుగులోనే ముడి పడుతుంది. ఈ భాషలో ఆజ్ఞలన్నీ ‘ఎక్స్‌ఎస్‌ఎల్’ అన్న ఉపసర్గ తగిలించుకున్న ట్యాగులు. (అసలు ఫైళ్లలో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను.) కొత్త ప్రోగ్రామ్‌లో ఉండాల్సిన ‘ఎక్స్‌ఎస్‌ఎల్:టెంప్లేట్’ని పాత ప్రోగ్రామ్ లోపల రాస్తే, ప్రాసెసర్ దాన్ని బయటికి పంపాల్సిన సరుకు అనుకోదు, తనకే చెప్పిన ఆజ్ఞ అనుకుంటుంది.

మదీనాగూడకు కూతవేటులో, శేరిలింగంపల్లి సురభి కాలనీలో, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన నాటక సమాజం కుటుంబాలు ఉంటాయి. వాళ్ల నాటకాల్లో మాయలన్నీ తెర వెనక తాళ్లు లాగేవాళ్ల చేతిలో ఉంటాయి. పుస్తకంలో ‘తెర దించాలి’ అని రంగసూచన ఉంటే తాడు లాగాలి. అదే మాట రాజుగారి పాత్ర ‘ఇక తెర దించండి’ అని సంభాషణగా అంటే లాగకూడదు. అక్షరాలు అవే అయినా ఒకటి తాడు పట్టుకున్నవాడికి చెప్పినది, ఒకటి ప్రేక్షకుడికి వినిపించేది. ప్రోగ్రామ్ రాసే ప్రోగ్రామ్‌కు కావలసింది సరిగ్గా ఈ విభజనే.

1999 నవంబరు 16న వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లోనే, దాని సంపాదకుడు జేమ్స్ క్లార్క్ బృందం ఇందుకు ఒక ఏర్పాటు చేసింది. పేరు నేమ్‌స్పేస్-ఎలియాస్. కొత్త ప్రోగ్రామ్‌కు చెందాల్సిన ట్యాగులను ‘రాత:టెంప్లేట్’, ‘రాత:వాల్యూ-ఆఫ్’ అని వేరే ఉపసర్గతో రాసుకుంటాం. మొదట్లో ఒక లైనులో, ‘రాత’ అన్నదల్లా బయటికి పోయేటప్పుడు ‘ఎక్స్‌ఎస్‌ఎల్’ అయిపోవాలి అని చెప్పేస్తాం. ప్రాసెసర్ లోపల ఉన్నంతసేపూ అవి సంభాషణలు. గడప దాటాక రంగసూచనలు. సొసైటీ నియమాల ఫైలును దీనితో తిప్పితే, ఎ బ్లాకుకు ఒక టెంప్లేటు, బి బ్లాకుకు ఒక టెంప్లేటు ఉన్న కొత్త ఫైలు చేతికొస్తుంది. దాన్ని తెరిచి చదవొచ్చు, పరీక్షించవచ్చు, నచ్చకపోతే పారేయొచ్చు. నచ్చాకే నడుపుతాం. రాయడానికీ నడపడానికీ మధ్య ఒక మనిషి కన్ను పడే వ్యవధి ఉందన్నమాట. ఆ వ్యవధి ఎంత విలువైనదో దాన్ని పోగొట్టుకున్న కథలు చూస్తే తెలుస్తుంది.

ఈ దారిలో అందరికంటే దూరం వెళ్లినవాడు రిక్ జెలిఫ్. 1999లో తైవాన్‌లోని అకడెమియా సినికాలో పనిచేస్తూ ఆయన స్కీమట్రాన్ అనే భాషను తెచ్చాడు. ‘ఫ్లాటు అన్నదానికి విస్తీర్ణం సున్నా కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే ఈ మాట చెప్పు’ అన్న ధోరణిలో నియమాలు రాసుకుంటూ పోవడమే. పరీక్ష భాగం ఎక్స్‌పాత్‌లో ఉంటుంది, చెప్పాల్సిన మాట ఎవరి భాషలో వాళ్లు రాసుకోవచ్చు, తెలుగులోనైనా సరే. దీనికోసం కొత్త యంత్రమేదీ కట్టలేదు జెలిఫ్. నియమాల పత్రాన్ని చదివి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రామ్‌గా తిరగరాసే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. అలా పుట్టిన ప్రోగ్రామ్ అసలు పత్రాలను తనిఖీ చేస్తుంది. కొన్ని పేజీల కోడ్‌తో ఒక భాష పుట్టేసింది, 2006లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. యూరప్ ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్‌ల ప్రమాణం ఈఎన్ 16931 తనిఖీ నియమాలను ఇవాళ్టికీ స్కీమట్రాన్‌గానూ, దాన్నుంచి పుట్టిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీగానూ రెండు రూపాల్లో విడుదల చేస్తున్నారు. కొండాపూర్‌లో కూర్చుని యూరప్ ఇన్‌వాయిస్‌ల ప్రాజెక్టు చేసే కుర్రాడి దగ్గరికి వచ్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైలును మనిషెవరూ రాయలేదు. అందులో వేరియబుల్ పేర్లు అంత చదవబుద్ధి కాకుండా ఉండటానికి కారణం అదే.

అసలు సైబరాబాద్‌లో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ చేతితో రాసేవాళ్లకంటే గీసేవాళ్లే ఎక్కువ. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద టిబ్కో, బిజ్‌టాక్, ఒరాకిల్ సోవా, శాప్ పీఐ అని కనిపించే కోర్సులన్నీ ఒక కంపెనీ కంప్యూటర్ మాట ఇంకో కంపెనీ కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే మిడిల్‌వేర్ చదువులు. వాటిలో మ్యాపర్ అని ఒక తెర ఉంటుంది. ఎడమవైపు మీ పత్రం చెట్టు, కుడివైపు వాళ్ల పత్రం చెట్టు. మౌస్‌తో ఇక్కడి కొమ్మ నుంచి అక్కడి కొమ్మకు గీత లాగాలి. బిజ్‌టాక్ మ్యాపర్ అయినా, టిబ్కో బిజినెస్‌వర్క్స్ అయినా, ఒరాకిల్ వాళ్లదైనా, గీతల వెనక తయారయ్యేది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీయే. గీతలు రెండు వందలు దాటితే ఆ తెర సాలెగూడులా తయారవుతుంది, అప్పుడు ‘సోర్స్ చూపించు’ నొక్కి చేత్తో దిద్దడానికి దిగుతారు. ఇంటర్వ్యూల్లో ‘ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వచ్చా?’ అని అడిగేది ఆ రోజు కోసమే.

బిజ్‌టాక్ గీతల మధ్య సీ షార్ప్ ముక్క పెట్టుకునే వీలు కూడా ఉంది. అది పుట్టే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లోపలికే వెళ్లి కూర్చుంటుంది. సౌకర్యమే. కానీ 2005లో డాట్‌నెట్ 2.0తో కొత్త ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ యంత్రం తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఈ లోపలి స్క్రిప్టులను, వేరే ఫైళ్లను తెరిచే డాక్యుమెంట్ ఫంక్షన్‌ను, అడిగితే తప్ప నడవకుండా మూసే ఉంచింది. తర్వాతి డాట్‌నెట్ కోర్‌లో స్క్రిప్టులకు చోటే లేదు.

ఇక రెండో దారి. నడుస్తున్న ప్రోగ్రామ్ చేతిలోకి ఒక అక్షరాల వరస వస్తుంది, దాన్ని అక్కడికక్కడే కోడ్‌గా నడపాలి. ఈ ఊహ ఎక్స్‌ఎంఎల్ కంటే చాలా పాతది. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాష గురించి ప్రచురించిన పత్రంలో ‘ఎవాల్’ అనే ఫంక్షన్ ఉంది. లిస్ప్‌లో రాసిన దేన్నైనా ఇస్తే విలువ కట్టే ఫంక్షన్ అది. మెకార్తీ దాన్ని సిద్ధాంతంగానే రాశాడు. ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రస్సెల్ దాన్ని ఐబీఎం 704 యంత్ర భాషలోకి చేత్తో మార్చి నడిపించేశాడు. లిస్ప్‌కు ఇంటర్‌ప్రెటర్ అలా పుట్టింది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో ‘ఎవాల్’ లేదు. మరిచిపోయి వదలలేదు. ఎక్స్‌పాత్ ముక్కలన్నీ ప్రోగ్రామ్ మొదలవకముందే కనిపిస్తే కంపైలర్ వాటిని విశ్లేషించి, దారులు దగ్గర చేసి, తప్పులు ముందే పట్టగలదు. నడిచేటప్పుడు పుట్టే ముక్క గురించి ముందుగా ఏమీ తెలియదు. కానీ జనానికి అవసరం వచ్చింది. సాక్సన్ ప్రాసెసర్ రాసిన మైకేల్ కే తన యంత్రంలో సొంతంగా ఒక ఎవాల్యుయేట్ ఫంక్షన్ పెట్టాడు. 2001లో మొదలైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఉమ్మడి అదనాల ప్రయత్నంలో డైనమిక్ అనే విభాగంలో ఇంకో ఎవాల్యుయేట్ వచ్చింది. ఎవరి కుంపటి వారిదైంది. చివరికి 2017 జూన్ 8న వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0, మైకేల్ కే సంపాదకత్వంలోనే, ‘ఎక్స్‌ఎస్‌ఎల్:ఎవాల్యుయేట్’ అన్న ఆజ్ఞను ప్రమాణంలోకి తెచ్చింది. మన సొసైటీ నియమం అక్షరాలను దానికిచ్చి, ‘203వ ఫ్లాటు దగ్గర నిలబడి దీన్ని లెక్కకట్టు’ అంటే 2340 అని చెబుతుంది.

ఆ ఆజ్ఞను ఎంత అనుమానంతో చేర్చారో దాని షరతులు చదివితే తెలుస్తుంది. లోపల నడిచే ముక్కకు చుట్టూ ఉన్న ప్రోగ్రామ్ వేరియబుల్స్ కనిపించవు, మనం పేరు పెట్టి చేతికిచ్చినవే కనిపిస్తాయి. ప్రైవేటుగా ఉంచిన ఫంక్షన్లను అది పిలవలేదు. ఏ రకం జవాబు రావాలో ముందే చెప్పి పెట్టొచ్చు. ఇవన్నీ మంచి గోడలే, కానీ ఇంటికి నాలుగు వైపులా లేవు. పత్రాలు తెరిచే డాక్ ఫంక్షన్ ఎక్స్‌పాత్ సొంత ఆస్తి, అది లోపలికి వస్తుంది. సొసైటీ నియమాల ఫైల్లో ఎవరైనా ‘విస్తీర్ణం * 3’ బదులు సర్వర్‌లోని ఇంకో ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిచే ముక్క రాస్తే, ప్రాసెసర్‌లో దాన్ని మూసి ఉంచకపోతే, బిల్లులో ఆ ఫైలు విషయాలు అచ్చవుతాయి. ఒకటి నుంచి కోటి కోట్ల దాకా లెక్కపెట్టమని రాస్తే సర్వర్ ఊపిరాడక ఆగిపోవచ్చు. ఎక్స్‌పాత్ 1.0 రోజుల్లో ఒక భరోసా ఉండేది: ఏం రాసినా ఎప్పటికో ఒకప్పటికి లెక్క ముగుస్తుంది. 3.0 నుంచి ఫంక్షన్లనే విలువలుగా చేతులు మార్చే శక్తి వచ్చింది, ఒక ఫంక్షన్‌ని దానికే అందించి అంతులేకుండా తిప్పవచ్చు, ఆ భరోసా పోయింది. ఇది ముగుస్తుందా ముగియదా అని ఏ ముక్కనైనా చూసి ముందే చెప్పగల ప్రోగ్రామ్ రాయడం అసాధ్యమని అలన్ ట్యూరింగ్ 1936లోనే తేల్చాడు.

ఎక్స్‌క్వెరీ సంగతి ఇంకో రకం. అది ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉండదు, మామూలు ప్రోగ్రామింగ్ భాషలా ఉంటుంది. కాబట్టి ఎక్స్‌క్వెరీ రాసే ప్రోగ్రామ్ అక్షరాలను ముక్కలుగా అతికించాల్సిందే. ఈ బాధ తెలిసే, ఈ ప్రమాణాలు తెచ్చే డబ్ల్యూ3సీ సంస్థ 2007 జనవరి 23న ఎక్స్‌క్వెరీ 1.0తో పాటే ఎక్స్‌క్వెరీఎక్స్ అనే తోడు భాషను విడుదల చేసింది. అదే క్వెరీని పూర్తిగా ట్యాగుల్లో రాసే పద్ధతి అది. యంత్రాలు రాయడానికి, యంత్రాలు చదవడానికి. ఒక్క లైను క్వెరీ అందులో అరపేజీకి పాకుతుంది. సిద్ధాంతంగా సరైన జవాబే, కానీ వాడినవాళ్లు తక్కువ. అతికించడమే అలవాటుగా మిగిలింది.

అతికించడంలో ప్రమాదం ఏమిటో ఒక లైనులో చూడొచ్చు. వాడుకరి బ్లాకు పేరు టైపు చేస్తాడు, ప్రోగ్రామ్ దాన్ని మధ్యలో ఇరికిస్తుంది:

//ఫ్లాటు[బ్లాకు = 'ఎ']

వాడుకరి ‘ఎ’ అని కాకుండా, ఎ' ఆర్ 'ఒ' = 'ఒ అని టైపు చేశాడనుకోండి (‘ఆర్’ అంటే ‘లేదా’). ఇరికించాక ఇలా అవుతుంది:

//ఫ్లాటు[బ్లాకు = 'ఎ' ఆర్ 'ఒ' = 'ఒ']

‘ఒ’ ఎప్పుడూ ‘ఒ’కి సమానమే. అన్ని బ్లాకుల వివరాలూ వచ్చేస్తాయి. డేటాబేసుల వాళ్లకు పాతికేళ్లుగా తెలిసిన దొంగతనమే ఇది. ఎగ్జిస్ట్, బేస్‌ఎక్స్, మార్క్‌లాజిక్ లాంటి ఎక్స్‌ఎంఎల్ డేటాబేసులన్నిటిలోనూ క్వెరీని అప్పటికప్పుడు నడిపే ఎవాల్ ఫంక్షన్లున్నాయి, అన్నిటిలోనూ విరుగుడు కూడా ఉంది. క్వెరీ మూలాన్ని స్థిరంగా ఉంచి, వాడుకరి ఇచ్చింది బయటి వేరియబుల్‌గా అందించాలి. అప్పుడు ఎన్ని కొటేషన్ గుర్తులు కొట్టినా అది బ్లాకు పేరుగానే ఉంటుంది, అలాంటి బ్లాకు లేదు కాబట్టి ఏమీ రాదు. 2017లో వచ్చిన 3.1 ఫంక్షన్ల జాబితాలో ఎక్స్‌క్వెరీ మాడ్యూల్‌ని నడుస్తుండగా ఎక్కించుకునే ఫంక్షన్, ఎక్స్‌పాత్ లోపలి నుంచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపే ట్రాన్స్‌ఫామ్ ఫంక్షన్ చేరాయి. కొత్త ప్రోగ్రామ్‌ని మెమరీలోనే రాసి, డిస్కు మీద పెట్టకుండానే నడిపేయొచ్చు. ముందు చెప్పిన, మనిషి కన్ను పడే వ్యవధి ఇక్కడ మాయమవుతుంది.

ఆ వ్యవధి లేకపోతే ఏమవుతుందో 2024 జులైలో మ్యాపుల లోకానికి తెలిసొచ్చింది. జియోసర్వర్ అని భౌగోళిక సమాచారాన్ని వెబ్‌లో అందించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రపంచమంతా వాడతారు. ‘ఈ పొరలో ఫలానా లక్షణం విలువ ఇవ్వు’ అని అభ్యర్థన వస్తే, ఆ లక్షణం పేరును దాని లోపలి జియోటూల్స్ లైబ్రరీ ఒక ఎక్స్‌పాత్ యంత్రానికి అప్పగించేది. పేరే కదా అనుకున్నారు. కానీ కామన్స్ జేఎక్స్‌పాత్ అనే ఆ యంత్రానికి జావా ఫంక్షన్లను పిలిచే వసతి ఉంది. లక్షణం పేరున్న చోట ఆజ్ఞ పంపితే సర్వర్ దాన్ని నడిపింది, పాస్‌వర్డ్ కూడా అడగకుండా. ఇందులో నన్ను బాగా ఆలోచనలో పడేసిన సంగతి ఇంకొకటి. ఎక్స్‌పాత్‌గా లెక్కకట్టే పద్ధతి చాలా సంక్లిష్టమైన పొరల కోసం ఉద్దేశించినది, పొరపాటున మామూలు పొరలకూ వర్తించింది. అందువల్ల ఆ సౌకర్యం అక్కర్లేనివాళ్ల సర్వర్లు కూడా తెరిచే ఉన్నాయి. సీవీఈ-2024-36401, తీవ్రత పదికి 9.8. నెల సగం గడిచేసరికి దుండగులు వాడుతున్న లోపాల జాబితాలో అమెరికా సైబర్ రక్షణ సంస్థ సీసా దాన్ని చేర్చింది. అమెరికా ప్రభుత్వ విభాగం ఒకదానిలోకి ఆ దారినే చొరబడ్డారని తర్వాతి ఏడాది అదే సంస్థ ప్రకటించింది.

లెక్కల పత్రాల రంగంలో మాత్రం డేటా పక్కనే సూత్రాన్ని మోసుకెళ్లడం చక్కగా కుదిరింది. మన కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2010-11 ఆర్థిక సంవత్సరం నుంచి లిస్టెడ్ కంపెనీలు, పెద్ద కంపెనీలు తమ ఆర్థిక నివేదికలు ఎక్స్‌బీఆర్‌ఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇవ్వాలంది. ఆ భాషకు ఫార్ములా అనే అనుబంధ ప్రమాణం ఉంది. ‘మొత్తం ఆస్తులు, అప్పులూ మూలధనం కలిపినదానికి సమానం కావాలి’ లాంటి నియమాలను ఎక్స్‌పాత్ 2.0 ముక్కలుగా రాసి, నివేదికల నిఘంటువుతో పాటే పంచిపెడతారు. తనిఖీ యంత్రం వాటిని చదివి నడుపుతుంది. ఇక్కడ ముక్కలు రాసేది నియంత్రణ సంస్థ, నివేదిక ఇచ్చే కంపెనీ కాదు. అదీ అసలు తేడా. అయితే సూత్రాలు పట్టేది అంకెల మధ్య పొసగనితనాన్నే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ ఉత్తరం రాసేదాకా ఆ కంపెనీ పట్టికల్లో కూడికలన్నీ కుదురుతూనే ఉన్నాయి. లేని డబ్బును ఉన్నట్టు అన్ని గడుల్లోనూ ఒకేలా రాస్తే ఏ ఎక్స్‌పాతూ పట్టలేదు.

మరి మన సొసైటీ సంగతేమిటి? ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0 చేతికొచ్చాక ఎవాల్యుయేట్ అవసరమయ్యే సందర్భాలు నిజానికి తగ్గిపోయాయని నా అభిప్రాయం. నియమాల రకాలు నాలుగైదే అయితే, వాటిని ఫంక్షన్లుగా రాసి, బ్లాకు పేరుకు ఎదురుగా ఏ ఫంక్షనో చెప్పే మ్యాప్ ఒకటి పెట్టుకుంటే చాలు. కమిటీ ఫైల్లో ‘రకం 2, ధర 60’ అని మాత్రమే ఉంటుంది. అది ఎన్నటికీ ఆజ్ఞ కాలేదు.

కమిటీవాళ్లు సూత్రాలే రాస్తామని పట్టుబడితే ఇంకో దారి ఉంది, దీనికి రావాల్సినంత పేరు రాలేదు. ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐలోని స్టీవెన్ పెంబర్టన్ ఆలోచనగా మొదలై, 2022 జూన్‌లో 1.0 ప్రమాణంగా వచ్చిన ఇన్‌విజిబుల్ ఎక్స్‌ఎంఎల్. మామూలు రాతకు వ్యాకరణం ఒకటి రాసిస్తే, ఆ రాతను అది ఎక్స్‌ఎంఎల్ చెట్టుగా విడదీసి ఇస్తుంది. మన వ్యాకరణంలో అంకెలు, కూడిక, తీసివేత, గుణకారం, ‘విస్తీర్ణం’, ‘ట్యాంకర్లు’ అనే రెండు పేర్లు తప్ప ఇంకేమీ ఉండవు. ‘1500 + ట్యాంకర్లు * 60’ అన్నది కూడిక కొమ్మ కింద గుణకారం కొమ్మగా విడిపోతుంది. ఆ కొమ్మలను లెక్కకట్టడానికి నాలుగు టెంప్లేట్లు చాలు. ఫైళ్లు తెరిచే మాట ఆ వ్యాకరణంలోనే లేదు కాబట్టి, రాసినా అది వాక్యదోషమవుతుంది తప్ప ఆజ్ఞ కాదు. చెట్టుగా విడిపోయాక నేమ్‌స్పేస్-ఎలియాస్‌తో వేగంగా నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవచ్చు కూడా. వందల ఫ్లాట్లకు ఒక్కోసారి ఎవాల్యుయేట్ చేస్తే ప్రతిసారీ ముక్కను చదివి కంపైల్ చేయాలి. కొన్ని ప్రాసెసర్లు ఒకసారి చేసినదాన్ని దాచుకుంటాయి గానీ దాని మీద ఆధారపడకూడదు.

ఈ మధ్య ‘ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ పని అయిపోయిందటగా’ అన్న మాట వినిపిస్తోంది. 2025లో క్రోమ్ బృందం దాన్ని బ్రౌజర్ నుంచి తీసేస్తామని ప్రకటించిన మాట నిజమే. బ్రౌజర్లో ఉన్నది 1999 నాటి 1.0 రూపం, దాని కోసం మోస్తున్న పాత సీ కోడ్ భద్రతకు భారమైంది. కానీ ఈ వ్యాసంలో చెప్పిన పనుల్లో ఒక్కటీ బ్రౌజర్లో జరిగేది కాదు. బ్యాంకుల సందేశాలు, ఇన్‌వాయిస్‌లు, కంపెనీల నివేదికలు సర్వర్ల మధ్యన తిరుగుతాయి. రిజర్వ్ బ్యాంకు ఆర్‌టీజీఎస్ 2013 అక్టోబరు నుంచి ఐఎస్ఓ 20022 ఎక్స్‌ఎంఎల్ సందేశాల మీద నడుస్తోంది. హైదరాబాద్‌లో గీతలు లాగేవాళ్లకు ఇప్పట్లో పని తగ్గదు.

ఎవాల్యుయేట్ వాడక తప్పదనుకునేవాళ్లకు ఒక సంగతి. ప్రమాణం దాన్ని ఐచ్ఛికంగా ఉంచింది, ప్రాసెసర్ ఇవ్వకపోయినా తప్పు కాదు, ఇచ్చినా నిర్వాహకులు ఆపి ఉంచవచ్చు. ‘ఇక్కడ అది నడుస్తుందా?’ అని ప్రోగ్రామే అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉంది. నడవనప్పుడు ఏం చేయాలో ఫాల్‌బ్యాక్ అనే ట్యాగులో రాసుకోవాలి. చాలామంది అక్కడ సున్నా రాసి ముందుకు పోతారు. నేనైతే పని మొత్తం ఆపేసే మెసేజ్ రాస్తాను. నియమం నడవక 203వ ఫ్లాటుకు సున్నా బిల్లు వెళ్లిందనుకోండి, ‘మాకు తక్కువ వేశారు’ అని ఆ ఫ్లాటువాళ్లు మాత్రం ఫోన్ చేసి చెప్పరు కదా.